చెవిలో ఆగని ఫ్రేము

“హిప్నాటిజం చేస్తే నిద్ర వస్తుందంట, నిజమేనా అక్కా?” అని తిరుప్పూరు నుంచి ఒక చెల్లెలు అడిగింది. నాకు జరిగింది రాస్తాను.

ముప్పై ఏళ్ళు స్పిన్నింగు మిల్లులో రింగు ఫ్రేము దగ్గర నిలబడినదాన్ని. పని మానుకుని పెన్నాగరం వచ్చినాక ఊరంతా నిశ్శబ్దం, నా చెవిలో మాత్రం ఫ్రేము ఆగలేదు. రాత్రి రెండుకి లేచి కూర్చునేదాన్ని. నైటు షిఫ్టు అలవాటు పోలేదని మొదట నవ్వేదాన్ని, తర్వాత ఆ నవ్వూ పోయింది.

కూతురు ధర్మపురిలో మనసు డాక్టరమ్మకి చూపించింది. ఆమె ముందు చెవి పరీక్ష చేయించి, తర్వాతే హిప్నాటిజం మాట ఎత్తింది. నాకు భయమేసింది. స్టేజీ మీద మనుషుల్ని ఆడిస్తారే, అదే తెలుసు నాకు. “ఇది నిద్ర కాదమ్మా, మనసు ఒకచోట నిలవడం. నచ్చకపోతే మీరు కళ్ళు తెరిచి లేచిపోవచ్చు” అనింది.

ముందు ఒళ్ళు సర్దుకోవాలంట. దానికని ఫోనులో నీళ్ళ చప్పుడు పెట్టింది. హొగెనక్కల్ పక్కనుండేవాళ్ళం, హాయిగా ఉంటుందనుకుంది పాపం. నాకేమో ఆ హోరు అచ్చం మా షెడ్డే! చెమటలు పట్టి కళ్ళు తెరిచేసినాను. చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పినాను. ఆమె ఆ చప్పుడు ఆపేసి, “మీ చేతికి ఏది హాయిగా ఉంటుంది?” అని అడిగింది.

నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు ఇంతవరకు. చాలాసేపు ఆలోచించి “రాగులు” అన్నాను. చేటలో చేయి పెడితే చల్లగా వేళ్ళ సందుల్లో జారతాయే, అది.

ఇప్పుడు రాత్రి లైటు తగ్గించి, గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టి, రాగుల్లో చేతులుంచి కూర్చుంటాను. (షుగరున్నవాళ్ళ కాళ్ళకు వేడి తెలియకపోవచ్చు, నీళ్ళు ఇంకొకరితో చూపించుకోండి.) ఊపిరి పీల్చినదానికన్నా నిదానంగా వదులుతాను. పదినిమిషాలకి భుజాలు దిగుతాయి. అప్పుడు డాక్టరమ్మ నేర్పిన మాట: ఫ్రేము పక్క షెడ్డులో ఉంది, నేను తలుపు మూస్తున్నాను, ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం కొంచెం. ఆమె తమిళంలో చెప్పింది, ఇంట్లో మీ భాషలోనే చెప్పుకోండి అనింది. తెలుగులో చెప్పుకుంటేనే తలుపు పడుతుంది నాకు.

ఇదేమీ కొత్తది కాదు. మత్తుమందు ఇంకా రాని 1845లో, బెంగాలు హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే డాక్టరు రోగుల్ని చీకటిగదిలో పడుకోబెట్టి, ఒంటికి దగ్గరగా చేతులు నిదానంగా ఆడించి, ఆపరేషన్లే చేసినాడు.

చప్పుడు పోలేదు చెల్లీ. కానీ చాలా రాత్రులు నాలుగుదాకా నిద్రపోతున్నాను. డాక్టరిచ్చిన మాత్రలు దీనికోసం మానొద్దు. లేని గొంతులు వినిపించేవాళ్ళు డాక్టరు లేకుండా దీని జోలికి పోవద్దు. ఒక్కరోజులో నయం చేస్తామని డబ్బులడిగేవాళ్ళ దగ్గరికి అసలే వద్దు, నేను పోగొట్టుకున్నది చాలు.

నీకు రాగులే కావాలని లేదు. నీ చేతిని అడుగు. మా ఇంట్లో ఆ చేట రాగులు సంగటికి తీయొద్దని కోడలికి గట్టిగా చెప్పిపెట్టినాను.