దువాతో పాటు నిజం

రంజాన్ చివరి శుక్రవారం హైదరాబాద్ మక్కా మసీదు చాలదు. నమాజు వరుసలు ప్రాంగణం దాటి చార్మినార్ రోడ్డెక్కుతాయి. ఆ కాసేపు లాడ్ బజార్‌లో బేరాలు ఆగుతాయి. వేడి లక్క మీద మెరుపు రాళ్లు ఒక్కొక్కటే అద్దుతున్న కార్మికుడు గాజును పక్కన పెట్టి లేస్తాడు. 2023 అక్టోబరు తర్వాత వచ్చిన రంజాన్‌లలో ఇక్కడి దువాల్లో, అంటే వేడుకోళ్లలో, గాజా ఉంది.

‘ఎక్కడో జరిగే యుద్ధానికి ఇక్కడ ఏడుపెందుకు’ అనేవాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు. ఆ మాట మాకు మింగుడు పడదు. 2025 మార్చి నాటికే గాజాలో చనిపోయినవాళ్లు యాభై వేలు దాటారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. అందులో పిల్లలే వేలల్లో ఉన్నారు. వాళ్ల కోసం కన్ను చెమర్చని భక్తి ఏ మతానిదైనా ఏం లాభం? అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాలి. 2023 అక్టోబరు 7న హమాస్ చేసిన దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది మామూలు జనం. ఈ మాట అన్నంత మాత్రాన గాజా దుఃఖం తగ్గిపోదు. దాచిపెడితే మాత్రం దువా బరువు తగ్గుతుంది.

సాక్ష్యం చెప్పాల్సి వస్తే అది తమకు, కన్నవాళ్లకు నష్టమైనా సరే న్యాయం వైపే నిలబడాలని ఖుర్ఆన్ నాలుగో అధ్యాయం విశ్వాసులను కోరుతుంది. ఆ గ్రంథాన్ని ఇంగ్లిషులోకి తెచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ పుట్టుకతో ఆంగ్లేయుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ టర్కీతో పోరాడుతుంటే, టర్కీతో సంధి చేసుకోమని సొంత గడ్డ మీదే వాదించి అనుమానాల పాలయ్యాడు. 1917లో ఇస్లాం స్వీకరించాడు. 1925లో హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గా చేరాడు, ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు సంపాదకత్వం వహించాడు, నిజాం ఇచ్చిన సెలవులో అనువాదం పని సాగించి 1930లో అచ్చు వేశాడు. శత్రువు పక్కనున్న మనిషిని కూడా మనిషిగా చూడమన్నవాణ్ణి ఈ ఊరు పిలిచి పీట వేసింది. ఆ సంగతి మనం మరిచిపోకూడదు.

నిజం విలువ ఏమిటో పాతబస్తీకి ఎవరూ నేర్పనక్కర్లేదు. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది పోయారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరికొందరు పోయారు. ఎంతోమంది కుర్రాళ్లను అనుమానంతో పట్టుకుపోయారు. ఏళ్లు గడిచాక, వీళ్లకు ఏ పాపమూ తెలియదని ప్రభుత్వమే పత్రాలు చేతికిచ్చింది. 2018లో, ఇదే కేసులో విచారణ ఎదుర్కొన్న వేరే ఐదుగురినీ కోర్టు నిర్దోషులంది. ఆ శుక్రవారపు హత్యలకు ఇంతవరకూ ఎవరికీ శిక్ష పడలేదు. రుజువు లేని మాట ఒక ఇంటిని ఎలా కూలుస్తుందో ఆ కుర్రాళ్ల తల్లులు చెప్పగలరు.

అందుకే చేతిలోని ఫోన్‌కు వచ్చినదల్లా ఆరా తీయకుండా ముందుకు పంపొద్దని పట్టుబట్టి చెబుతున్నాం. గాజా యుద్ధం మొదలైన రోజుల్లో వీడియో గేమ్ దృశ్యాలు అసలు యుద్ధంగా తిరిగాయి, సిరియా పాత ఫొటోలు కొత్త శవాలయ్యాయి. పంపినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. నమ్మకం లేని మనిషి వార్త తెస్తే ముందు ఆరా తీయాలని, తెలియక ఒక జనానికి కీడు చేసి పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని ఖుర్ఆన్ 49వ అధ్యాయం హెచ్చరిస్తుంది. నమాజు చదివే మనిషికి ఇది సలహా కాదు, విధి.

అబద్ధం ప్రాణం తీస్తుందనడానికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. రష్యాలో సహాయకుడి ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి పంపిన హైదరాబాద్ యువకుడొకడు ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయాడని 2024 మార్చిలో కబురొచ్చింది. అదే నెలలో సీబీఐ కేసు పెట్టి పలు నగరాల్లో సోదాలు చేసింది. దూరపు యుద్ధం మన గడప తొక్కింది ఒక అబద్ధాన్ని పట్టుకునే.

మసీదులోనో, గుడిలోనో, చర్చిలోనో శాంతి కోసం ప్రార్థించే పెద్దలను వేడుకుంటున్నాం: ఆ ప్రార్థనలో రెండు వైపుల మృతులనూ తలవండి. పాఠకులకూ ఒక విన్నపం. మీవాళ్లు ఇజ్రాయెల్‌లోనో, రష్యాలోనో, గల్ఫ్‌లోనో ఉంటే, వాళ్లు కళ్లారా చూసింది వాళ్ల మాటల్లోనే మాకు రాసి పంపండి. విన్నది వద్దు, చూసింది చాలు. అచ్చు వేసే బాధ్యత మాది.