ప్రచారం ముగిశాకే అసలు పరీక్ష

2025 జులై 15న కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య దేవనహళ్ళి రైతులకు ఒక మాట చెప్పారు. చన్నరాయపట్న హోబళిలోని 13 గ్రామాల్లో 1,777 ఎకరాల భూసేకరణను ప్రభుత్వం విరమించుకుంటుందన్నారు. ఆ మాట కోసం రైతులు 2022 ఏప్రిల్ 4 నుంచి 1,198 రోజులు ఎండకూ వానకూ ఓర్చి శిబిరంలో కూర్చున్నారు. 2025 జూన్ 25న పోలీసులు వారిని ఈడ్చుకెళ్ళి వ్యాన్లలో ఎక్కించారు. అయినా వారు వెనక్కి తగ్గలేదు.

ఈ 1,198 రోజుల మధ్యలోనే ఒక శాసనసభ ఎన్నిక వచ్చి వెళ్ళింది. మిల్లు కార్మికులమైన మనం గుర్తుపెట్టుకోవలసింది ఈ విషయమే.

సేకరణ నోటీసు వచ్చింది బి.జె.పి. ప్రభుత్వ హయాంలో. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న సిద్ధరామయ్య శిబిరానికి వచ్చి రైతుల పక్షాన ఉంటామన్నారు. 2023 మే 10న పోలింగు జరిగింది. 13న ఫలితాలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. శిబిరం మాత్రం లేవలేదు. అండగా ఉంటామన్న పార్టీ అధికారంలోకి వచ్చిన తర్వాత కూడా రైతులు రెండేళ్ళకు పైగా కూర్చోవలసి వచ్చింది. ఓటు వేసి ఇంటికి పోయి ఉంటే ఆ భూమి దక్కేదా? ఆలోచించండి.

దేవనహళ్ళి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన నియోజకవర్గం. ఇక్కడి ఓటరు ఎవరినీ మోసే రకం కాదు. 2008లో కాంగ్రెసు అభ్యర్థి వెంకటస్వామిని గెలిపించారు. 2013లో జె.డి.ఎస్. తరఫున పిళ్ళ మునిశామప్పను, 2018లో అదే పార్టీ నుంచి నిసర్గ నారాయణస్వామిని గెలిపించారు. 2023లో మునిశామప్ప బి.జె.పి. అభ్యర్థిగా వచ్చి మూడో స్థానంలో నిలిచారు. ఆ ఏడాది గెలిచిన కాంగ్రెసు అభ్యర్థి కె.హెచ్. మునియప్ప 1991 నుంచి వరుసగా ఏడుసార్లు కోలారు ఎం.పి.గా గెలిచి, 2019లో ఓడిన నాయకుడు. అంతటి అనుభవం ఉన్న మనిషికి కూడా నారాయణస్వామి మీద వచ్చిన ఆధిక్యత ఐదు వేల ఓట్లకు లోపే. గెలిచాక ఆయన ఆహార, పౌర సరఫరాల మంత్రి అయ్యారు.

నాలుగు ఎన్నికలు, నలుగురు ఎమ్మెల్యేలు. ఐదు వేల లోపు ఓట్లతో తారుమారయ్యే సీటు ఇది. ఇలాంటి చోట మిల్లులు, గార్మెంటు ఫ్యాక్టరీలలోని కార్మికులు ఒక్క మాట మీద నిలబడితే ఏ అభ్యర్థీ మనల్ని దాటి పోలేడు. మరి ఎందుకు దాటి పోతున్నారు?

మొదటి కారణం మన దగ్గరే ఉంది. మనలో చాలామందికి ఓటు ఇక్కడ లేదు. అనంతపురం వైపు నుంచో, హిందూపురం, మదనపల్లె వైపు నుంచో వచ్చి పదేళ్ళు దాటినా పేరు ఊరి జాబితాలోనే ఉంది. అభ్యర్థి మన లైన్లలోకి వస్తాడు, తెలుగులోనే పలకరిస్తాడు, బిడ్డను ఎత్తుకుంటాడు. వెనకనున్న అనుచరుడు మాత్రం జాబితా చూసుకుని "ఇక్కడ ఓట్లు లేవు, పోదాం పదండి" అంటాడు. మన వీధి కుళాయికి నీరు రాకపోవడానికి ఆ జాబితాలో మన పేరు లేకపోవడానికి సంబంధం లేదనుకుంటే అది పొరపాటు.

రెండో కారణం, మనం అడగవలసింది అడగడం లేదు. 2023 ఫిబ్రవరిలో, అంటే ఎన్నికలకు మూడు నెలల ముందు, కర్ణాటక శాసనసభ ఫ్యాక్టరీల చట్టానికి సవరణ చేసింది. వారానికి 48 గంటలు దాటకుండా రోజు పనిని విశ్రాంతితో కలిపి 12 గంటల దాకా పెంచుకునే వీలు కల్పించింది. మూడు నెలలకు 75 గంటలుగా ఉన్న ఓవర్‌టైం పరిమితిని బాగా పెంచింది. మహిళల రాత్రి షిఫ్టుకు దారి తెరిచింది. ఆ తర్వాత ఊరూరా ప్రచారం జరిగింది. గుడికి చందా అడిగినవారున్నారు, యువజన సంఘానికి క్రికెట్ సామాను అడిగినవారున్నారు. "ఆ బిల్లు వచ్చిన రోజు మీ పార్టీ ఏం చేసింది? గెలిస్తే మీరేం చేస్తారు?" అని మైకు ముందు నిలబెట్టి అడిగినవారు ఎందరు? ఎనిమిది గంటల పని చికాగో కార్మికుల రక్తంతో వచ్చిందని ప్రతి మేడే నాడు చెప్పుకునే మనమే ఆ ప్రశ్న అడగలేదు. ఈ విమర్శ ఎవరి మీదో కాదు, ముందుగా మన మీదే.

అలాగని ఎన్నికలన్నీ దండగ అనేవారి మాటా మేము ఒప్పుకోము. పక్కనే, తెలుగు మాట్లాడే బాగేపల్లిని చూడండి. సి.పి.ఎం. నాయకుడు జి.వి. శ్రీరామరెడ్డి అక్కడ 1994లో, 2004లో గెలిచారు. 2008, 2013, 2018లలో ఓడిపోయారు. ఓడిన 2018లో కూడా యాభై వేలకు పైగా ఓట్లు తెచ్చుకుని రెండో స్థానంలో నిలిచారు. చివరి రోజుల్లో పార్టీకి దూరమయ్యారు, 2022లో కన్నుమూశారు. డబ్బున్న అభ్యర్థుల ఎదుట ఎర్రజెండా అభ్యర్థికి అన్ని ఓట్లు పడటానికి గోడ మీద రాతలు కారణం కాదు. ఎన్నికలు లేని ఏళ్ళలో నీళ్ళ కోసం, భూమి కోసం జనంతో కలిసి నడవడమే కారణం.

ఇంకా దగ్గరి ఉదాహరణ షోలాపూరు. అక్కడి మరమగ్గాల మీద, బీడీ కార్ఖానాల్లో పనిచేసేవారిలో మన తెలుగు పద్మశాలీలు ఎందరో. వారిలోంచే వచ్చిన నర్సయ్య ఆడం, జనం నోట ఆడం మాస్టర్, 1978, 1995, 2004లలో మహారాష్ట్ర శాసనసభకు గెలిచారు. 2009 నుంచి 2024 దాకా నాలుగుసార్లు వరుసగా ఓడారు. ఆయన పూనికతో 2006లో బీడీ కార్మిక మహిళలకు 10 వేల ఇళ్ళు వచ్చాయి. ఓడిపోయిన కాలంలోనే రాయ్‌నగర్‌లో అసంఘటిత కార్మికులకు 30 వేల ఇళ్ళ పథకం పట్టుబట్టి సాధించారు. 2024 జనవరి 19న వాటిలో 15 వేల ఇళ్ళను ప్రధాని చేతుల మీదుగా కార్మికులకు అప్పగించారు. ఆ ఏడాది చివర జరిగిన ఎన్నికలో కూడా ఆయన గెలవలేదు. ఇల్లు కట్టించినవాడిని ఓడించుకోవడం కార్మికులకు మంచిది కాదు. కాని సంఘం బలంగా ఉంటే సీటు పోయినా పని ఆగదని కూడా ఆ ఇళ్ళే చెబుతున్నాయి.

బెంగళూరు గార్మెంటు కార్మిక మహిళలు ఈ సంగతి మనకు ఎప్పుడో చూపించారు. 2016 ఏప్రిల్‌లో ప్రావిడెంట్ ఫండు డబ్బు తీసుకోవడం మీద కేంద్రం ఆంక్షలు పెడితే వేలాదిగా రోడ్డెక్కారు. రెండు రోజుల్లో, ఏప్రిల్ 19న, కేంద్రం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. వారి ముందు ఏ అభ్యర్థీ నడవలేదు.

కాబట్టి కార్మిక సోదర సోదరీమణులారా, మనం చేయవలసింది స్పష్టం. శాసనసభకు మళ్ళీ ఎన్నికలు 2028లో. పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఇక్కడే కాపురముంటున్నవారు ఇక్కడ ఓటు నమోదు చేయించుకోవాలి. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8. ఒక మనిషికి ఒకే చోట ఓటు ఉండాలి. ఊరి ఓటును ఇక్కడికి మార్పించుకోవడమే సరైన దారి. ఫారాలు నింపడం రాని తోటివారికి ప్రతి షిఫ్టులో ఇద్దరు చదువుకున్నవారు సాయపడాలి.

పోలింగు రోజు జీతంతో కూడిన సెలవు మన హక్కు. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షను ఆ సంగతి చెబుతోంది. రోజు కూలీకి కూడా అది వర్తిస్తుంది. ఉల్లంఘించిన యజమానికి జరిమానా 500 రూపాయలకు మించదు గనుక చాలామంది లెక్కచేయరు. చట్టం ఎంత బలహీనమైతే సంఘం అంత గట్టిగా అడగాలి.

ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థిని, పార్టీ ఏదైనా, గేటు మీటింగుకు పిలవాలి. పని గంటల గురించి, కనీస వేతనం గురించి, కాంట్రాక్టు కార్మికుల గురించి, అద్దె గదుల్లో మగ్గుతున్నవారికి ఇళ్ళ గురించి నాలుగు ప్రశ్నలు అడగాలి. జవాబులు రాసుకుని నోటీసు బోర్డు మీద అంటించాలి. ఫలితాలు వచ్చిన రోజు ఆ కాగితం చింపవద్దు. ఐదేళ్ళూ అక్కడే ఉండనివ్వండి.

పెద్ద రాష్ట్రాల్లో ఒక అసెంబ్లీ అభ్యర్థి చట్టప్రకారం 40 లక్షల రూపాయల దాకా ఖర్చు పెట్టవచ్చు. మన దగ్గర అంత సొమ్ము లేదు. మన దగ్గర ఉన్నది చన్నరాయపట్న రైతుల దగ్గర ఉన్నదే. అది కలిసి కూర్చునే ఓపిక. ఎన్నికకు ముందూ తర్వాతా 1,198 రోజులు చెదరని ఆ ఓపికే వారి భూమిని నిలబెట్టింది. మన పని గంటలనూ, మన కూలినీ నిలబెట్టేదీ అదే.