మిల్లు గేటు చూడని డాక్టరేట్లు

వానాకాలం వరి కోతలు ఊపందుకుంటే దామరచర్ల, మిర్యాలగూడల మధ్య అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు పక్కన వడ్ల ట్రాక్టర్లు బారులు తీరతాయి. కోత మిషన్ నుంచి నేరుగా ట్రాలీలో పడ్డ పచ్చి వడ్లు అవి. ఆరబెట్టే జాగా లేదు, తీరిక లేదు. పట్టా కింద గంటలు గడిచేకొద్దీ గింజ వేడెక్కుతుంది, రంగు మారుతుంది. ట్రాలీలో చెయ్యి పెడితే ఆవిరి తగులుతుంది. గింజ వేడెక్కేకొద్దీ రైతు బేరం సన్నగిల్లుతుంది. వెనక్కి తీసుకుపోలేని సరుకుకు మిల్లువాడు చెప్పిందే ధర.

2020, 2021 వానాకాలాల్లో ఈ రద్దీకి మందుగా టోకెన్లు పెట్టారు. మిల్లు గేటు దగ్గరి బారు టోకెన్ కౌంటర్ దగ్గరికి జరిగింది, అంతే. పట్టాదారు పాసుపుస్తకాలు పట్టుకుని రైతులు అక్కడ పడిగాపులు పడ్డారు. అధికారులకు దురుద్దేశం అంటగట్టడం లేదు. బండ్ల రాకను కాగితంతో ఆపారు కానీ పొలంలో మిషన్ ఆగలేదు, పండిన వరి ఆగలేదు.

ఈ చిక్కుకు లెక్క లేక కాదు. వరసలో ఉన్నవారి సంఖ్య, వచ్చే వేగం, వేచి ఉండే సమయం ఈ మూడింటినీ కట్టిపడేసే సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లోనే నిరూపించాడు. గంటకు వంద బండ్లు దించగలిగే మిల్లుల ముందు వెయ్యి బండ్లు నిలబడితే చివరి బండికి పది గంటలు. ఇంతవరకూ ఎవరైనా చెప్పగలరు. అసలు పని ఆ తర్వాతిది. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద ఏ మేజరు కాల్వకు నీళ్లు ఎప్పుడొచ్చాయి, నాట్లు ఎప్పుడు పడ్డాయి, మిషన్లెన్ని, మిల్లుల్లో డ్రయ్యర్లెన్ని, హమాలీలు ఎన్ని గంటలు పని చేయగలరు, వీటన్నిటినీ ఒక్కచోట చేర్చి ఊరివారీగా కోతల వరస వేయాలి. సప్లై చెయిన్, ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ అనే పేర్లతో కళాశాలల్లో చెప్పేది సరిగ్గా ఈ విద్యనే. ఆ పేరుతో డాక్టరేట్ పుచ్చుకున్నవారిలో ఎందరు ఒక్క కోతల సీజన్ మిల్లు గేటు దగ్గర నిలబడ్డారు?

మనకు చేతకాని విద్య అనుకుంటే పొరపాటు. దేశంలో తొలి ఆపరేషన్స్ రీసెర్చ్ విభాగం 1949లో పుట్టింది హైదరాబాద్‌లోనే, ప్రాంతీయ పరిశోధనశాలలో. చాలా ఊళ్లు చుట్టి రావాలంటే ఏ దారి దగ్గర అన్న ప్రసిద్ధ సమస్య మీద 1963లో అదే లిటిల్‌తో కలిసి వ్యాసం రాసిన నలుగురిలో ఒకరు కట్టా గోపాలకృష్ణమూర్తి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, గణితంలో తలపండి, చివరికి ఆయన హాంకాంగ్ రేవుకు వెళ్లారు. కంటెయినర్ల యార్డులో లారీలు ఎటు పోవాలో, ఏ పెట్టె ఎక్కడ పేర్చాలో తేల్చే పద్ధతిని సహచరులతో కలిసి అమర్చారు. ఆ పని మీద రాసిన వ్యాసం 2005లో అచ్చయింది. హాంకాంగ్‌లో లారీల బారుకు పనికొచ్చిన విద్య మిర్యాలగూడలో ట్రాక్టర్ల బారుకు పనికిరాదా?

లోపం పదోన్నతుల నిచ్చెనలో ఉంది. 2010 నుంచి యూజీసీ అధ్యాపకుణ్ని పాయింట్లతో తూచడం మొదలుపెట్టింది. తర్వాత పత్రికల జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. పేరున్న బిజినెస్ స్కూళ్లకైతే డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వేసిన 24 పత్రికల జాబితా, ఫైనాన్షియల్ టైమ్స్ వేసిన 50 పత్రికల జాబితా వేదవాక్కు. ఈ తూకంలో రెండు సీజన్లు మిల్లుల చుట్టూ తిరిగినవాడు వెనకబడతాడు. ఊహించిన అంకెలతో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ముందుకు పోతాడు. కలెక్టరుకు ఇచ్చిన నివేదిక విదేశీ పత్రికలో వచ్చిన వ్యాసమంత తూగదు. యువ పరిశోధకుడు రెండో దారి పడితే తప్పు అతనిది కాదు, తూకం రాయి పెట్టినవారిది.

పల్లె సమస్యలు పెద్ద పత్రికలకు ఎక్కవన్న సాకు కూడా చెల్లదు. ఐటీసీ ఈ-చౌపాల్ సోయా సేకరణను చూసి దేవల్కర్, అనుపిండి, సిన్హా రాసిన వ్యాసం 2011లో ‘ఆపరేషన్స్ రీసెర్చ్’లోనే వచ్చింది. ఆ 24లో అదొకటి. సోయాకు దొరికిన గౌరవం సన్నవడ్లకు దొరకదని ఎవరన్నారు?

ఈ లెక్క అవసరం వడ్లతోనే ఆగదు. దామరచర్ల మండలంలోని వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. బొగ్గేమో దూరాన సింగరేణిలో ఉంది. బొగ్గు కన్నా కరెంటే తేలిగ్గా ప్రయాణిస్తుందన్నది మొదటి సంవత్సరం విద్యార్థికి తెలిసిన సంగతి. నీళ్లు, భూమి వంటి కారణాలు ఎదురు చెప్పవచ్చు, చెప్పారు కూడా. కానీ రవాణా ఖర్చు లెక్క పునాదిరాయికి ముందే విశ్వవిద్యాలయాల నుంచి గట్టిగా వినబడాలి. 2024లో దీని మీద విచారణ కమిషన్ వేసేదాకా ఆగే వ్యవహారం కాదది.

ప్రభుత్వానికీ ఇందులో సగం వాటా ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి ఖాళీలు నింపలేదు. ఉమ్మడి నియామక బోర్డు బిల్లు 2022లో శాసనసభ దాటి రాజ్‌భవన్ దగ్గర ఇరుక్కుంది. ఏడాదికోసారి కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు అధ్యాపకుణ్ని మూడేళ్ల క్షేత్ర పరిశోధన చేయమనడం పరిహాసం. ఇక అంకెల సంగతి. ప్రభుత్వం కొనే ధాన్యం లెక్క ట్రక్ షీటుతో సహా ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది. మిర్యాలగూడ మిల్లులు నేరుగా కొనే సన్నరకం ఆ పద్దులోకి రాదు. దాని ఆనవాళ్లు టోకెన్ రిజిస్టర్లలో, మార్కెట్ కమిటీ సెస్సు రశీదుల్లో వెతుక్కోవాలి.

కాబట్టి రెండు పనులు వెంటనే జరగాలి. రైతుల పేర్లు, సర్వే నంబర్లు తీసేసి ఆ రిజిస్టర్లను వచ్చే కోతలకు ముందే పరిశోధకుల చేతికివ్వాలి. ఆపరేషన్స్‌లో పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకున్న ప్రతి విద్యార్థీ ఒక సీజన్ పాటు కొనుగోలు కేంద్రంలోనో మిల్లు గేటు దగ్గరో బండ్లు వచ్చిన గంట, దిగిన గంట తన చేత్తో రాసుకోవాలి. ఆ నోటుబుక్కు చూపనిదే ఏ విశ్వవిద్యాలయమూ సినాప్సిస్ ఆమోదించకూడదు.