రసీదు పుస్తకం ఏమైంది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మనవాళ్ళు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. నీళ్ళ చారు గురించి, ట్రంకు పెట్టెల గురించి, వార్డెన్ గారి సైకిల్ బెల్లు వినబడగానే ఆరిపోయే లైట్ల గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. చదివి నవ్వుకుంటూనే ఉన్నాం. ఈసారి నవ్వు రాని సంగతి ఒకటి అడగాలనిపించింది. మన పల్లెల్లో యువజన సంఘాలు ఏమయ్యాయి?

ఉన్నాయి కదా అంటారు. నిజమే, బోర్డులున్నాయి. తెనాలిలో బస్సెక్కి రేపల్లె దాకా కిటికీ పక్కన కూర్చుని చూడండి. అంబేద్కర్ గారి విగ్రహం ఉన్న పల్లెలు ఎన్నో కనబడతాయి. చాలాచోట్ల విగ్రహం దిమ్మె మీద సంఘం పేరు కూడా ఉంటుంది. బాపట్ల వైపు పోయినా అంతే. ఏప్రిల్ 14న దండ, డిసెంబరు 6న దండ, జనవరి 1న నలభై ఫొటోల ఫ్లెక్సీ. ఆ నలభై మందిలో సభ్యులెవరయ్యా అంటే "అందరం సభ్యులమే అన్నా" అంటారు. రిజిస్టరేదంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మా పల్లె సంఘానికి ఒక రేకు పెట్టె ఉండేది. అందులో మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకం, స్టాంపు ప్యాడు. నెలకు రెండు రూపాయలు సభ్యత్వం. కట్టేది ఎవరు? నాట్లకు, కుప్పలకు, మినుము పీకుడుకు పోయే కుర్రాళ్ళు. రెండు నెలలు కట్టకపోతే వాలీబాల్ ఆడనిచ్చేవాళ్ళు కాదు. మా పెదనాన్న కొడుకు కార్యదర్శి. సొంత తమ్ముణ్ణి కూడా కోర్టు బయట నిలబెట్టాడు. ఆదివారం సాయంత్రం మీటింగు. చెప్పుకోవడానికి ఏమీ లేకపోయినా మీటింగు జరిగేది, సంతకాలు పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు అది నాకు పిచ్చిగా అనిపించేది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అప్పుడు నేను హాస్టల్లో తొమ్మిదో తరగతి. బాధిత కుటుంబాలు తెనాలి వచ్చి తలదాచుకున్నాయి. ఆ వారం ఇంటికి పోతే మా పల్లెలో ఎవరూ ఎవరినీ "ఏం చేద్దాం?" అని అడగడం లేదు. రేకు పెట్టె తెరిచారు. ఉన్న డబ్బు లెక్క చూశారు. రిజిస్టరు వరసన ఇంటికి ఇద్దరు చొప్పున పోయి బియ్యం, పాత చీరలు, దుప్పట్లు పోగుచేశారు. సాయంత్రానికి మూటలు కట్టి పంపించారు. ఎవరికి ఏ పని అప్పజెప్పాలో ముందే తెలుసు. ఎన్ని ఆదివారాలు ఊరికే కూర్చుని సంతకాలు పెట్టారో, అదంతా ఆ రోజు కోసమేనని నాకు ఆ తర్వాత చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

మరి ఆ పెట్టె ఏమైంది? "సెల్‌ఫోన్లు వచ్చి కుర్రాళ్ళు చెడిపోయారు" అని మా వయసు వాళ్ళు సులువుగా తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. మా సంఘం సెల్‌ఫోన్ రాకముందే చచ్చిపోయింది. 1996-97 ప్రాంతంలో సీఎంఈవై పథకం వచ్చింది. యువకులు గ్రూపు కడితే ఆర్థిక సాయం అన్నారు. పథకం మంచిదే, బాగుపడిన వాళ్ళూ ఉన్నారు. కానీ మా దగ్గర మాత్రం నలభై మంది సంఘం కాస్తా మూడు గ్రూపులయింది. డబ్బు ఎవరికొస్తుందా అనే చూపు వచ్చింది. ఒక గ్రూపుకి వచ్చింది, రెండు గ్రూపులు అలిగాయి. అలిగినవాళ్ళు ఆదివారం రావడం మానేశారు.

రెండో దెబ్బ చందా. ఇది ఇంకా మెత్తగా తగిలింది. విగ్రహం పెట్టాలంటే పెద్ద మొత్తం కావాలి. నెలకు రెండు రూపాయలతో ఎప్పటికయ్యేను? ఒక నాయకుడి దగ్గరికి పోయారు. ఆయన ఒక్క సంతకంతో ఇచ్చాడు. మరుసటి ఏడాది టోర్నమెంటుకి ఇంకొకాయన బనియన్లు ఇచ్చాడు, వీపు మీద ఆయన పేరుతో. ఇక ఇంటింటికీ తిరిగి రెండు రూపాయలు అడగడం నామోషీ అయిపోయింది. రసీదు పుస్తకం సగంలో ఆగిపోయింది. రెండు రూపాయలు ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు. ఏమీ ఇవ్వనివాడు ఏమని అడుగుతాడు? బనియన్ ఇచ్చినాయన ఎన్నికలప్పుడు వచ్చి "మన సంఘం" అన్నాడు. ఆ మాట తప్పని చెప్పగలిగిన వాడు ఒక్కడూ లేడు.

మూడోది చెప్పాలంటే నాకే సిగ్గు. మనం వెళ్ళిపోయాం. హాస్టల్లో చదువుకున్నవాళ్ళం, రాయడం, లెక్క వేయడం, ఆఫీసులో నిలబడి మాట్లాడడం వచ్చినవాళ్ళం, ఉద్యోగాలు రాగానే గుంటూరు, విజయవాడ, హైదరాబాదు చేరాం. ఏటా ఏప్రిల్ 14కి ఐదు వేలు ఫోన్‌పే చేస్తున్నాను కదా అని నేను చాన్నాళ్ళు తృప్తిపడ్డాను. ఒకసారి మా పల్లెలో ఎనిమిదో తరగతి పిల్లాడు "అన్నా, మీరు ఫ్లెక్సీలో ఉంటారు గదా!" అన్నాడు. వాడు నన్ను మనిషిగా చూడటం అదే మొదటిసారి.

ఇక వాలంటీరు అనే మాట సంగతి. 2019 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆ మాటకు అర్థమే మారింది. యాభై ఇళ్ళకొకరు, నెలకు ఐదు వేలు గౌరవవేతనం, ఒకటో తారీకున పింఛను. మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఆ పని చేశారు, ముసలివాళ్ళ దీవెనలూ పొందారు. 2024లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. దాని మంచిచెడ్డలు నా విషయం కాదు. కానీ ఇప్పుడు పల్లెలో "వాలంటీరుగా రండి" అంటే "ఎంతిస్తారు?" అని అడుగుతున్నారు. అడిగేవాళ్ళ తప్పు కాదది. ఇంట్లో గడవనివాడు ఊరికే ఎందుకొస్తాడు? అందుకే నేను వారానికి రెండు గంటలకు మించి ఎవరినీ అడగకూడదంటాను. వారమంతా సేవ చేయమంటే రెండు వారాల్లో ఒక్కడూ మిగలడు.

మన ప్రాంతంలో ఇలాంటి పనికి పాత దాఖలాలు లేకపోలేదు. దుగ్గిరాల దగ్గర పెదపాలెంలో పుట్టిన పాతూరి నాగభూషణం గారు 1935లో, ఇంకా ముప్పై ఏళ్ళు నిండకముందే, కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. జనం పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే ఒడ్డు ఒడ్డుకీ పోయింది. వేటపాలెంలో 1918లో యువజన సంఘం కుర్రాళ్ళు మొదలుపెట్టిన చదువుల గది సారస్వత నికేతనమైంది. 1929లో గాంధీ గారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు.

ఆ రోజుల్లో అలాంటి గదుల్లోకి మన తాతలను ఎంతవరకు రానిచ్చేవారో మీరే ఆలోచించుకోండి. అందుకే మనకు ఇంకా దగ్గరి ముచ్చట మరొకటి ఉంది. అంబేద్కర్ గారు 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. మరుసటి ఏడాది జనవరిలో ఆ సభ షోలాపూర్‌లో మన పిల్లల కోసం హాస్టల్ నడపడం మొదలుపెట్టింది. బొంబాయిలో ఉచిత పఠన మందిరం, హాకీ క్లబ్బు కూడా నడిపింది. హాస్టల్, చదువుకునే గది, ఆటల క్లబ్బు ఒకే సంఘం చేతిలో ఉండేవి. ఇంకో సంగతి: ఆ షోలాపూర్ హాస్టల్ పిల్లలు సొంతంగా ఒక మాసపత్రిక నడిపారు. మీరు చేతిలో పట్టుకున్న ఈ సంచికకు అది పెద్దన్న.

2024 సెప్టెంబరులో కృష్ణకు వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల్లో లంకలు మునిగాయి. మన కుర్రాళ్ళు ఊరుకున్నారా? రాత్రంతా కరకట్ట మీద ఇసుక బస్తాలు మోసినవాళ్ళలో మనవాళ్ళున్నారు. హైదరాబాదు నుంచి పూర్వ విద్యార్థులు వాట్సాప్‌లో గంటలోనే డబ్బు పోగేశారు. కాబట్టి యువతలో సేవాభావం చచ్చిపోయిందంటే నేను నమ్మను. అయితే నేను వెళ్ళిన ఒక పల్లెలో ఒకే పూట మూడు ఆటోల పులిహోర వచ్చింది. ఆ పక్క లంకకు మంచినీళ్ళు కూడా అందలేదు. ఏ ఇంట్లో ముసలివాళ్ళున్నారు, ఎవరికి షుగర్ మందులు కావాలి, పడవ ఎవరి దగ్గరుంది అనే జాబితా ఎవరి దగ్గరా లేదు. 1991లో మా రేకు పెట్టెలో ఉన్న రిజిస్టరు 2024లో అంత పెద్ద వాట్సాప్ గ్రూపులో లేదు.

ప్రభుత్వం వైపు నుంచి దారులు లేకపోలేదు. 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు చాలా కాలం మన క్లబ్బులను కలుపుకుని పనిచేశాయి. 2023 అక్టోబరు 31న "మై భారత్" ప్రారంభమైంది. 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళెవరైనా ఫోన్లో పేరు నమోదు చేసుకోవచ్చు. చేసుకోండి, మంచిదే. కానీ అక్కడ నమోదయ్యేది ఒక్కడు. పక్కింటివాడు రెండు వారాలుగా రావడం లేదేమని ఆ ఫోను అడగదు.

అంత దూరం ఎందుకు, మన అమ్మలను చూడండి. డ్వాక్రా గ్రూపులో పదిమంది. పొదుపు కట్టాలి, మీటింగుకు రావాలి, పుస్తకం రాయాలి. సంతకం కూడా రాని అమ్మలు ఇరవై ఏళ్ళకు పైగా సంఘాలు నడుపుతుంటే, డిగ్రీలు చదివిన మనకు ఒక రసీదు పుస్తకం నడపడం చేతకాలేదు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మా పాత సంఘంలో ఒక్క ఆడపిల్ల పేరు లేదు. ఇవాళ పల్లెలో ఎక్కువ చదువుతున్నది, ఇంకా ఊళ్ళోనే ఉంటున్నది ఆడపిల్లలే. సంఘాన్ని మళ్ళీ లేపాలంటే కార్యదర్శి పదవి వాళ్ళకే ఇవ్వాలని నా అభిప్రాయం. దీనికి మా పల్లెలో కొందరు మొహం చిట్లించారు. చిట్లించనివ్వండి.

పని గురించి పెద్ద పెద్ద ఆలోచనలు వద్దు. ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్షకు ఊళ్ళో అర్హత ఉన్న పిల్లలెంతమంది, దరఖాస్తు చేసినవాళ్ళెంతమంది? ఇంటర్, డిగ్రీ పిల్లలకు కులం, ఆదాయం సర్టిఫికెట్లు సకాలంలో వచ్చాయా? పదో తరగతి లెక్కల్లో తప్పినవాడు సప్లిమెంటరీ రాస్తున్నాడా, పనికి పోతున్నాడా? ఈ మూడు ప్రశ్నలకు ఏడాది పొడుగునా జవాబు రాసిపెట్టే సంఘం ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ కావాలంటే 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురుంటే సరిపోతుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు పంపాలి. ఈ రెండో పని ఎవరూ చేయరు, అక్కడే సంఘాలు కాగితం మీద కూడా చచ్చిపోతాయి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరులో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లా అయ్యాయి. "మాది ఆ జిల్లా, మీది ఈ జిల్లా" అని ఎవరైనా తప్పుకోబోతే, మనమంతా ఒకే వంటశాల అన్నం తిన్నామని గుర్తుచేయండి.

పోయిన నెల తెనాలిలో నేను వంద కాగితాల రసీదు పుస్తకం ఒకటి అచ్చు వేయించాను. సభ్యత్వం నెలకు పది రూపాయలు. ఫోన్‌పే తీసుకోను, చేతికే ఇవ్వాలి. మనిషి రావాలన్నదే ఇందులో కిటుకు. ఇప్పటికి పదకొండు చిరిగాయి, అందులో నాలుగు ఆడపిల్లలవి. మొదటి నెల కట్టిన ఇద్దరు రెండో నెల రాలేదు, వాళ్ళింటికి పోవాల్సి ఉంది. వార్షికోత్సవం రోజు భోజనాలయ్యాక వెనక వరండాలో కూర్చుంటాను. పుస్తకం నా సంచిలోనే ఉంటుంది. మీ పల్లెలో కూడా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు వస్తే, అచ్చువేసిన షాపు ఎక్కడో చెబుతాను.

- ఒక పూర్వ విద్యార్థి