“జరమే గదా” అనే ముందు ఒక్క నిమిషం

గుండెపోటు అంటే మనందరికీ తెలుసు. ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమటలు అంటే చాలు, పక్కింటివాళ్లు కూడా బండి తీస్తారు. మూతి వంకర పోయిందంటే పక్షవాతమని పసిగడతాం. మరి సెప్సిస్ అనే మాట మనలో ఎంతమంది విన్నాం? విన్నవాళ్లు కూడా చాలామంది ఐసీయూ బయట నిలబడే విని ఉంటారు. ఈ జబ్బును మొదట గుర్తుపట్టాల్సింది డాక్టరు కాదు, ఇంట్లో ఉండే మనమే అని నేనంటాను.

అసలిది ఏమిటో చెప్తాను. ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ చేరుతుంది. నిమోనియా కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, షుగరున్నవాళ్ల కాలి పుండు కావచ్చు, కాన్పు తర్వాత వచ్చిన జ్వరం కావచ్చు. దానితో పోరాడాల్సిన శరీరం అదుపు తప్పి సొంత కిడ్నీలను, ఊపిరితిత్తులను, మెదడును దెబ్బతీయడం మొదలుపెడుతుంది. అదే సెప్సిస్. 2017లో ప్రపంచం మొత్తం మీద 4.89 కోట్ల మందికి ఇది వచ్చిందనీ, 1.1 కోట్ల మంది చనిపోయారనీ 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. అందులో మన దేశంలో పోయినవాళ్లే దాదాపు 29 లక్షలు.

గుర్తులు ఏమంత కష్టమైనవి కావు. ఊపిరి వేగంగా ఆడుతుంది. పెద్దవాళ్లు ఊరికే కూర్చుని ఉన్నా నిమిషానికి 22 సార్లు, అంతకన్నా ఎక్కువ. మాట తేడా వస్తుంది, మనుషుల్ని పోల్చుకోరు, ఎప్పుడూ మగతగా ఉంటారు. మూత్రం తగ్గిపోతుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి. బీపీ పడిపోతుంది. ఇంకొక్క మాట: ముసలివాళ్లలో జ్వరం అసలు కనిపించకపోవచ్చు, ఒళ్లు మామూలు కన్నా చల్లగా కూడా ఉండొచ్చు.

బీపీ సంగతి పక్కన పెడితే, వీటిలో దేనికి మిషను కావాలి చెప్పండి? అత్తమ్మ పొద్దున్నుంచి ఒక్కసారి కూడా బాత్రూంకి పోలేదన్న సంగతి ఏ రిపోర్టులో ఉంటుంది? నిన్న మనవడితో ముచ్చట పెట్టిన మనిషి ఇవాళ వాడెవరని అడుగుతోందని అంబులెన్సులో వచ్చిన అబ్బాయికి ఎలా తెలుస్తుంది? నిన్నటి మనిషిని చూసినవాళ్లకే ఇవాళ్టి తేడా తెలుస్తుంది. ఆ చూసినవాళ్లం మనం.

నా తల్లిగారిల్లు ఉట్నూరు వైపు. మా చిన్నమ్మకు షుగరు, కాలి మీద పుండు. జరం వస్తే ఊళ్లో సూది వేయించారు, గ్లూకోజ్ ఎక్కించారు. జరం దిగింది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. కోడలికి మాత్రం మనసొప్పలేదు. “జరం దిగింది గానీ అత్తమ్మకు సోయి సరిగ లేదు, దమ్ము గట్టిగ గుంజుతున్నది” అని పట్టుబట్టి బండి పిలిపించింది. దవాఖానలో కౌంటర్ దగ్గర మగవాళ్లు “జరం, షుగరు” అని చెప్తే బెంచీ మీద కూర్చోమన్నారు. అరగంట అక్కడే పోయింది. కోడలే మళ్లీ లేచి వెళ్లి “పొద్దున్నుంచి మూత్రం రాలేదు, నన్నే గుర్తుపడతలేదు” అంటే అప్పుడు స్ట్రెచర్ వచ్చింది. మనిషి అదే, జబ్బు అదే. మాట మారగానే వైద్యం మొదలైంది. చిన్నమ్మ పన్నెండు రోజులకు ఇంటికొచ్చింది.

ఇంట్లో ఆడవాళ్లు సెప్సిస్ గుర్తుపట్టడమేంటి, అది డాక్టర్ల పని గదా అనేవాళ్లకు ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలిని చూపిస్తాను. మన ఆసిఫాబాద్, మంచిర్యాల పక్క జిల్లానే అది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు నడిపే సెర్చ్ సంస్థ 1995 నుంచి 39 ఊళ్లలో గ్రామ మహిళలకే శిక్షణ ఇచ్చింది. పురిటి పిల్లల్లో పాలు తాగడం మానేయడం, ఒళ్లు చల్లబడటం, ఏడుపు సన్నగిల్లడం లాంటి గుర్తులు చూసి సెప్సిస్ కనిపెట్టి, ఇంటి దగ్గరే మందు ఇవ్వడం నేర్పింది. మూడో ఏటికి, ఈ ఏర్పాటు లేని ఊళ్లతో పోలిస్తే పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఇవాళ ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వచ్చి పిల్లల్ని చూసిపోతున్నారంటే దాని వెనుక ఆ ఊళ్ల అనుభవం ఉంది. పసిపిల్లలో గుర్తుపట్టగలిగిన ఆడవాళ్లు అత్తలో, మామలో గుర్తుపట్టలేరా?

ప్రతి జరానికీ దవాఖానకు ఉరకమంటావా అని మా ఇంట్లోనే అడిగారు. అనను. జలుబు జరానికి గోలీ, విశ్రాంతి చాలు. నేను చూడమనేది జరం ఎంతుందని కాదు, మనిషి ఎట్లున్నాడని. వానాకాలంలో మన ఏజెన్సీలో మలేరియా, డెంగీ కూడా ముదిరితే ఈ గుర్తులే చూపిస్తాయి. అది ఏ జబ్బో తేల్చాల్సింది డాక్టరు. దవాఖానకు పోవాల్సిన ఘడియ వచ్చిందని తేల్చాల్సింది మనం.

మన దగ్గర ఆ ఘడియ ఇంకా ముందే రావాలి. సెప్సిస్‌తో బీపీ పడిపోయినవాళ్లకు గంటలోపే యాంటీబయాటిక్ పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. కరీంనగర్ టౌన్‌లో ఉన్నవాళ్లకు ఆ గంట దొరకొచ్చు. వాగు పొంగితే దారి తెగిపోయే గూడెం నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు రావాలంటే గంట ఏ మూలకు సరిపోతుంది? దారి పొడుగున్నవాళ్లు ముందే బయల్దేరాలి.

కాబట్టి 108కి ఫోన్ చేసినప్పుడు “జరం” అని ఊరుకోకండి. దమ్ము ఎంత వేగంగా ఉందో ఫోన్‌లో గడియారం చూసి నిమిషం లెక్కపెట్టి చెప్పండి. సోయి ఎట్లుందో, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశారో, పుండు, షుగరు, ఈమధ్య ఆపరేషన్ లేదా కాన్పు ఉన్నాయేమో చెప్పండి. వేసుకున్న గోలీలు, వేయించిన సూదుల చీటీలు సంచిలో పెట్టుకోండి. మగతగా ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు, పాలు పోయకండి. “ఇది సెప్సిస్ కావచ్చా?” అని దవాఖానలో నోరు తెరిచి అడగండి. అడిగితే తప్పులేదు.

ఆశా అమ్మలకు పసిపిల్లల గుర్తులు నేర్పినట్టే పెద్దవాళ్లవీ నేర్పాలి. మహిళా సంఘం మీటింగులో పొదుపు లెక్కలయ్యాక పది నిమిషాలు ఈ ముచ్చటకు ఇవ్వాలి. 108 ఫోనెత్తేవాళ్లు, దవాఖాన కౌంటర్‌లో కూర్చునేవాళ్లు “జరం” అని వినగానే “సోయి ఉందా? దమ్ము ఎట్లుంది? మూత్రం వచ్చిందా?” అని మూడు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. దీనికి కొత్త బిల్డింగులు అక్కర్లేదు. ఇంటి మనిషి చెప్పే మాటను చెవిన పెడితే చాలు.