గంగకు ఎదురెక్కిన పడవలు

ఎవరెస్టు ఎక్కిన మనిషికి నీళ్లలో ఏం పని? 1977లో సర్ ఎడ్మండ్ హిల్లరీ గంగాసాగర్ దగ్గర మూడు చిన్న మోటారు పడవలు దించినప్పుడు ఎవరికైనా వచ్చే సందేహమే అది. అందరూ నది వాలున దిగి సముద్రం చేరతారు. ఆయన సముద్రం దగ్గర మొదలుపెట్టి, గంగకు ఎదురెక్కి హిమాలయాలకు చేరాలనుకున్నారు!

పడవల పేర్లు గంగ, కివీ, ఎయిరిండియా. ఎక్కినవాళ్లలో ఎక్కువమంది పాత స్నేహితులు. కొండల్లో ఏళ్ల తరబడి వెంట నడిచిన షెర్పా మింగ్మా సెరింగ్, 1965లో ఎవరెస్టుపైకి భారత బృందాన్ని నడిపించిన మోహన్‌సింగ్ కోహ్లీ, ఇంకా న్యూజిలాండ్ మిత్రులు. కొడుకు పీటర్ కూడా ఉన్నాడు. తోడు అవసరమే మరి. అంతకు రెండేళ్ల ముందు, 1975 మార్చి 31న, కాఠ్మండూలో చిన్న విమానం కూలి హిల్లరీ భార్య లూయీస్, పదహారేళ్ల కూతురు బెలిండా చనిపోయారు. ఫాప్లూలో ఆసుపత్రి కట్టిస్తున్న ఆయన దగ్గరికే బయల్దేరారు వాళ్లు. ఆ దెబ్బ నుంచి ఆయన ఇంకా తేరుకోలేదు.

అవి మామూలు పడవలు కావు, జెట్ బోట్లు. కింద తిరిగే పంఖా ఉండదు. అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక్కి బలంగా చిమ్ముతాయి, ఆ తోపుతో ముందుకు దూసుకెళ్తాయి. జానెడు లోతున్నా చాలు. న్యూజిలాండ్‌లో రాళ్లూ ఇసుకా తప్ప లోతులేని నదుల కోసం బిల్ హామిల్టన్ 1950ల్లో తయారుచేసిన రకం ఇది. ఇసుక మేటలు వేసే మన గంగకూ సరిగ్గా సరిపోయింది.

దారి పొడవునా ఒడ్డున జనమే జనం. కాశీలో పూజలు చేసి పంపారు. సాహసయాత్ర అనుకుని వచ్చినవాళ్లకు అది తీర్థయాత్రగా మారిపోయింది. రిషీకేశ్ దాటాక అసలు పరీక్ష మొదలైంది. ఇవాళ రబ్బరు పడవల్లో కేకలేస్తూ కుర్రకారు కిందికి దిగే సుడులే అవి. వీళ్లు వాటిని కింది నుంచి పైకి ఎక్కారు! దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ దాటి నందప్రయాగ దగ్గర ఓ జలపాతం అడ్డొస్తే గానీ పడవలు ఆగలేదు.

అక్కడి నుంచి కాలినడక. ఆకాశ పర్వతం ఎక్కుతుండగా, సుమారు 18,000 అడుగుల ఎత్తులో, హిల్లరీకి స్పృహ తప్పింది. పల్చటి గాలికి మెదడు వాచింది. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరాన్ని తొక్కిన మనిషికి అంతకంటే ఎంతో తక్కువ ఎత్తులో ప్రాణం మీదికొచ్చింది. మిత్రులు ఆయన్ని గుడారం గుడ్డలో చుట్టి, మంచు మీద జాగ్రత్తగా కిందికి లాక్కొచ్చారు. తర్వాత హెలికాప్టర్ వచ్చింది.

బతికారు. 1985లో న్యూజిలాండ్ హైకమిషనర్‌గా ఢిల్లీ వచ్చి నాలుగేళ్లకు పైగా ఇక్కడే ఉన్నారు.