డ్రమ్ము తోలు ఖర్చు ఎవరిది?

బారాత్‌కి బ్యాండు మాట్లాడుకునేటప్పుడు మన ఇళ్ళల్లో మూడే సవాళ్ళు వినిపిస్తాయి. ఎంతమంది వస్తారు? ఎంతసేపు వాయిస్తారు? ఎంతకి వస్తారు? నాలుగో సవాల్ ఎవరూ అడగరు: డ్రమ్ముల తోళ్ళు ఎప్పుడు మార్చారు?

నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. ఆ తోలు ఖర్చంతా వాయించేవాడి జేబు మీదే పడేయడం నాఇన్సాఫీ. మనం బేరమాడి తగ్గించేది అతని మజూరీ అనుకుంటాం. నిజానికి ముందు కోత పడేది తోలు మీదే. ఇంట్లో బియ్యం ఆపలేడు కదా, తోలు మార్చడం ఆపుతాడు. పాత తోలు మధ్యలో గుంట పడి, ఎంత కొట్టినా డబ్బా మోగినట్టు మోగుతుంది. అప్పుడు మనమే అంటాం, "ఆవాజే లేదు, వచ్చే షాదీకి డీజే పెట్టుకుందాం" అని. రోజీ పోయేది ఎవరిది? ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం గల్లీల్లో డ్రమ్ము మెడకేసుకుని తిరిగే గరీబ్ పిల్లలది. వాళ్ళలో దళితులూ ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు.

"వాడి ఔజార్ వాడి జిమ్మేదారీ, దర్జీ సూది డబ్బులు మనల్ని అడుగుతాడా?" అంటారు కొందరు. అడగడు, ఎందుకంటే కుట్టుకూలిలోనే కలిపి తీసుకుంటాడు. బ్యాండు వాళ్ళకి ఆ మౌకా మనం ఇవ్వడం లేదు. నికాహ్ సాదాగా చేసుకుంటాం, బాజా వద్దు అనుకునేవాళ్ళతో నాకు బహస్ లేదు. పిలిచినవాళ్ళు మాత్రం హక్ ఇవ్వాలి.

ఇంతకీ ఆ తోలులో ఏముంది? సైడ్ డ్రమ్ముకి రెండు ముఖాలు. పైదాన్ని పుల్లలతో కొడతాం. కిందిదానికి తీగల గుత్తి ఆనుకుని ఉంటుంది. ఆ 'చర్ర్' మనే ఆవాజ్ కింది నుంచే వస్తుంది. ఒకప్పుడు రెండూ జంతువుల తోళ్ళే. 1950ల చివర్లో అమెరికాలో చిక్ ఎవాన్స్, రెమో బెల్లీ లాంటివాళ్ళు మైలార్ అనే పాలియెస్టర్ పొరని డ్రమ్ముకి బిగించి అమ్మడం మొదలుపెట్టారు. ఇప్పుడు బజార్లో దొరికేది ఎక్కువగా అదే. ప్లాస్టిక్‌దైనా మనం తోలు అనే అందాం.

పై తోలు మామూలుగా పావు మిల్లీమీటరు మందం ఉంటుంది. కిందిది అందులో మూడో వంతే, దాదాపు ఒక వెంట్రుక మందం. ఈ ఫర్క్ తెలియక రెండు వైపులా పై తోలే వేస్తే తీగలు సరిగ్గా పలకవు, డ్రమ్ము గొంతు మూగబోతుంది. పలచటి తోలు పైకి వేస్తే నాలుగు దెబ్బలకే చిరుగుతుంది. బారాత్‌లో గట్టిగా కొట్టేవాళ్ళకి రెండు పొరల తోలు ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ మోత కొంచెం అణుగుతుంది. స్కూలు పెరేడ్‌కి ఒక్క పొరది చాలు. కొనేముందు రింగు తీసేసి డ్రమ్ము ఒంటిని అడ్డంగా కొలవాలి. ఎక్కువ డ్రమ్ములు 14 అంగుళాలవే, అన్నీ కాదు. రింగుతో కలిపి కొలిస్తే పెద్ద తోలు ఇంటికొస్తుంది.

బిగించడంలోనే అసలు హునర్. పాత తోలు తీశాక అంచు మీది దుమ్ము తుడవాలి, గరుకుగా ఉందేమో వేలితో తడిమి చూడాలి. కొత్త తోలు, దానిమీద రింగు పెట్టి బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పాలి. ఆ తర్వాత చావీ. చార్‌మినార్ చుట్టూ తిరిగినట్టు వరసగా బిగించకూడదు. ఒకటి బిగిస్తే దాని ఎదురుది, మళ్ళీ పక్కది, దాని ఎదురుది. ఒక్కోసారి అర చుట్టు మాత్రమే. ప్రతి బోల్టు దగ్గరా, అంచుకి రెండు వేళ్ళ దూరంలో, పుల్లతో మెల్లగా తట్టి వినాలి. అన్నిచోట్లా ఒకే స్వరం వచ్చేదాకా సబర్ చేయాలి. కింది తోలు పైదానికంటే బిగువుగా ఉంటే తీగలు చురుగ్గా పలుకుతాయి. కొన్ని పెరేడ్ డ్రమ్ములకి రెండు రింగుల్నీ కలిపి ఒకే రాడ్డు లాగుతుంది. వాటిలో పైదీ కిందిదీ విడిగా బిగించడం కుదరదు. డ్రమ్ము కొనేటప్పుడే ఆ సంగతి చూసుకోవాలి.

ఇది సగం రోజు పని. బేరంలో ఈ సగం రోజుకి లెక్కే లేదు.

మన ఇలాఖా మౌసమ్ కూడా మరవొద్దు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. వరద రాని ఏడాది కూడా వానాకాలమంతా అడవి అంచున గాల్లో నమీ ఉంటుంది. అసలు తోలు ఆ నమీ తాగి వదులవుతుంది. పీర్ల పండక్కి డప్పు కొట్టేవాళ్ళు మంట వేసి డప్పు కాచుకునేది అందుకే. ప్లాస్టిక్‌కి ఆ ముసీబత్ లేదు. అందుకని సైడ్ డ్రమ్ముకి ప్లాస్టికే సరి అంటాను.

అలాగని అన్నిటికీ ప్లాస్టిక్ వేసేయమనను. కోయల డోలుకి తోలే ప్రాణం. మణుగూరు వైపు కూనవరం నుంచి వచ్చిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథ డోలు మీద పాడితే 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2024లో మనల్ని విడిచి వెళ్ళారు. ఒక కళాకారుడికి బిరుదు ఇవ్వడం హుకూమత్ చేయగల పని. రోజూ వాయించేవాళ్ళ తోలు ఖర్చు చూడడం మాత్రం పిలిచేవాళ్ళ పని, అంటే మన పని.

రంజాన్ దాటి షవ్వాల్ వచ్చిందంటే షాదీలు మొదలవుతాయి. బ్యాండుకి బయానా ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడగండి: "తోళ్ళు బాగున్నాయా భాయ్, మార్చాలా?" మార్చాలంటే ఆ పైసలు మజూరీలో కోయకుండా వేరే ఇవ్వండి. ఒక దేగ్ బిర్యానీ ముందు అదెంత? స్కూలు కమిటీల్లో ఉన్నవాళ్ళు ఆగస్టు 15కి వారం ముందు హడావుడి పడకుండా, పై తోలు ఒకటి, కింది తోలు ఒకటి, ఒక చావీ బీరువాలో పెట్టించండి. బిగించడం తెలిసిన ఉస్తాద్‌ని పిలిచి ఇద్దరు పిల్లలకి నేర్పించండి, ఆయన మెహనత్‌కి కూలి ఇవ్వండి. ఛాయ్ పోసి పంపించేయడం ఇజ్జత్ కాదు.